లైబ్రరీ కంటే ముందు ఎడమ చెయ్యి

తమ్ముడూ,

నువ్వు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. రాజోలు దగ్గర మీ ఊరి చర్చిలో ఆరేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నావు. ఈ మధ్యే 25 కీల మిడీ కీబోర్డు (సొంత శబ్దం లేకుండా కంప్యూటర్‌కి సంకేతాలు పంపేది) కొన్నావు. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. ఉచితంగా దొరికే ఆర్కెస్ట్రా స్ట్రింగ్స్, అంటే వయొలిన్ లాంటి తీగ వాద్యాల శబ్దాలు, వేసుకుని వాయిస్తే బొమ్మ కీబోర్డులా వినిపిస్తోంది. చేతిలో 25 వేలున్నాయి. వాటితో పెద్ద లైబ్రరీ, అంటే నిజమైన వాద్యాల శబ్దాలు (శాంపిళ్లు) రికార్డు చేసి పెట్టిన సాఫ్ట్‌వేర్, కొనాలా, 61 కీల కీబోర్డు కొనాలా అని అడిగావు.

రెండూ ఇప్పుడే కొనకు. నీ దగ్గరున్నవాటితోనే ఆ బొమ్మ శబ్దం సగానికి పైగా పోతుంది. ఎలాగో చెబుతాను.

మా నాన్నగారు పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. అమలాపురం చుట్టుపక్కల తీర్థాలకీ, దేవుడి కల్యాణాలకీ తెల్లవార్లూ నాటకం ఉండేది. నేను ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. ఆయన నాకు మొదట నేర్పింది సరిగమలు కాదు, తిత్తి. ఒక్క షడ్జం నొక్కి పట్టించి, ఎడమ చేత్తో గాలి ఎలా ఇవ్వాలో పది రోజులు అదే చేయించారు. నటుడు పద్యం ఎత్తుకునేటప్పుడు గాలి సన్నగా ఉండాలి. ఆయన రాగం తీస్తూ పైకి పోతుంటే గాలి పెరగాలి. గొంతు దిగుతుంటే దిగాలి. నా ఎడమ చెయ్యి ఒకే తీరుగా ఊగుతుంటే నాన్నగారు చూపుడు వేలితో నా మణికట్టు మీద తట్టేవారు. మాట ఉండేది కాదు, తట్టడమే.

తరవాత హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేశాను. అక్కడ మొదటి ఏడాది నా స్ట్రింగ్స్ కూడా నీవాటిలాగే ఉండేవి. మిడీ కీబోర్డు మీద ఎడమ పక్కన ఉండే ఆ చిన్న చక్రం, అదే మోడ్ వీల్, హార్మోనియం తిత్తి అని అర్థమైన రోజు నా పని మారిపోయింది. నీకు చెప్పాల్సింది ముఖ్యంగా ఇదే. మిగతాదంతా దీని వెనకే వస్తుంది.

కాస్త వివరంగా చెబుతాను. పియానోలో కీ ఎంత గట్టిగా కొట్టావన్నదే శబ్దాన్ని తేలుస్తుంది. కొట్టాక ఆ శబ్దం దానంతటది తగ్గిపోతుంది, నువ్వు చేయగలిగింది లేదు. వయొలిన్ అలా కాదు. కమాను తీగ మీద కదులుతున్నంతసేపూ వాయించేవాడి చెయ్యి శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూనే ఉంటుంది. లైబ్రరీ తయారుచేసేవాళ్లు వాద్యగాళ్లని హాల్లో కూర్చోబెట్టి ఒక్కో స్వరాన్నీ మెల్లగా ఒకసారి, మధ్యరకంగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించి రికార్డు చేస్తారు. ఇలాంటి పొరలు కొన్ని లైబ్రరీల్లో రెండే ఉంటాయి, కొన్నిట్లో అయిదు దాకా ఉంటాయి. మోడ్ వీల్ పంపే సంకేతాన్ని సీసీ1 అంటారు, దాని విలువ 0 నుంచి 127 వరకూ ఉంటుంది. చాలా లైబ్రరీల్లో చక్రం పైకి తిప్పుతుంటే మెల్లగా వాయించిన పొర నుంచి గట్టిగా వాయించిన పొరలోకి శబ్దం జారుతుంది. అంటే వాల్యూమ్ ఒక్కటే కాదు, గొంతే మారుతుంది. కింద మసకగా, వెచ్చగా ఉన్న చెల్లో (వయొలిన్ కంటే పెద్దది, లోతు గొంతు వాద్యం) పైకి వెళ్లేకొద్దీ గరగరలాడుతూ మెరుస్తుంది. సీసీ11 అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని ఎక్స్‌ప్రెషన్ అంటారు. అది వాల్యూమ్‌ని మాత్రమే పెంచి తగ్గిస్తుంది. మొదటి నెల సీసీ1 ఒక్కటి చాలు.

నువ్వు చర్చిలో ఆరేళ్లు వాయించావు కాబట్టి వేళ్లు బాగా పనిచేస్తాయి, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ అలవాటులో ఎడమ చెయ్యి కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు) పట్టుకుంటుంది, కుడి చెయ్యి పాట వాయిస్తుంది, కాలు సస్టైన్ పెడల్ మీద ఉంటుంది. ఆర్కెస్ట్రాకి ఈ మూడూ మార్చుకోవాలి. కుడి చెయ్యి ఒక్క లైను వాయించాలి. ఎడమ చెయ్యి చక్రం మీద ఉండాలి. పెడల్ తీసి పక్కన పెట్టెయ్. పెడల్ నొక్కి ఉంచితే వెళ్లిపోవాల్సిన స్వరాలు వెళ్లకుండా ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి.

ఇప్పుడు ఒక చిన్న పని చెయ్. చెల్లోలో పొడుగు స్వరాలు వాయించే ప్యాచ్ (లైబ్రరీలో ఒక వాద్యానికి ఒక్కో రకం శబ్దం) ఒకటి తెరువు. టెంపో 60 పెట్టు, అంటే నిమిషానికి 60 మాత్రలు. మధ్య సీకి (పెద్ద కీబోర్డు నడిమధ్యలో ఉండే సీ) ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కింద ఉన్న సీ నొక్కి ఎనిమిది మాత్రలు పట్టుకో. చక్రాన్ని 30 దగ్గర మొదలుపెట్టి అయిదు మాత్రల్లో 90కి తీసుకెళ్లు, మిగతా మూడు మాత్రల్లో 40కి దించు. రికార్డు చెయ్యి. తరవాత అదే స్వరాన్ని చక్రం 64 దగ్గర కదలకుండా పెట్టి ఇంకోసారి రికార్డు చెయ్యి. రెండూ ఒకదాని తరవాత ఒకటి విను. రెండోది నువ్వు చెప్పిన బొమ్మ కీబోర్డు. మొదటిదాంట్లో ఎవరో కమాను లాగుతున్నట్టుంటుంది. లైబ్రరీ అదే, ల్యాప్‌టాప్ అదే.

ఒక్క స్వరం కుదిరాక మూడు స్వరాలు, తరవాత ఒక చరణం. నీకు బాగా వచ్చిన కీర్తన ఒకటి తీసుకుని మొదటి చరణాన్ని చెల్లోతో మాత్రమే వాయించు. మాట ఎక్కడ బరువుగా ఉంటుందో అక్కడ చక్రం పైకి వెళ్లాలి. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట చక్రం దిగి, నోట్ వదలాలి. సాఫ్ట్‌వేర్‌లో కింద సీసీ1 గీత కనిపిస్తుంది. అది తిన్నగా గీసిన గీతలా ఉంటే పని కాలేదన్నమాట. గోదావరిలో నీటి మట్టంలా ఎప్పుడూ ఎంతో కొంత కదులుతూ ఉండాలి.

కీబోర్డు సైజు సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఒకసారికి ఒక్క లైనే వాయిస్తాం కాబట్టి 25 కీలు సరిపోతాయి, ఆక్టేవ్ బటన్లు ఎలాగూ ఉన్నాయి. కానీ చక్రం సంగతి చూసుకో. కొన్ని చిన్న కీబోర్డుల్లో చక్రం బదులు చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది. వదిలితే స్ప్రింగుతో మధ్యకి వచ్చేస్తుంది. అది దీనికి పనికిరాదు. పెట్టిన చోట నిలబడేదే కావాలి. నీదాంట్లో అలాంటి జాయ్‌స్టిక్కే ఉంటే, పక్కనున్న గుండ్రటి నాబ్‌లలో ఒకదానికి సీసీ1 కేటాయించుకో. కీబోర్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో రెండు నిమిషాల పని. ఇంకో దారి కూడా ఉంది. చర్చిలో మీరు వాడే యమహా, క్యాసియో 61 కీల కీబోర్డు వెనక చూడు. యూఎస్‌బీ టు హోస్ట్ అని రాసి, చదరంగా ఉండే సాకెట్ ఉంటే, ప్రింటర్‌కి వాడే కేబులే దానికి సరిపోతుంది. అదే మిడీ కీబోర్డుగా పనిచేస్తుంది. దానికి మోడ్ వీల్ లేకపోతే నీ చిన్న కీబోర్డుని పక్కన పెట్టుకుని దాని చక్రమో నాబో వాడుకో. దాని సొంత శబ్దం కూడా కలిసి వస్తుంటే సెట్టింగుల్లో లోకల్ కంట్రోల్ ఆఫ్ చెయ్యి, లేదా దాని వాల్యూమ్ సున్నాకి దించు. పెద్దలని అడిగి వారంలో రెండు రోజులు అక్కడే కూర్చున్నా చాలు. 61 కీల కీబోర్డు డబ్బు మిగులుతుంది.

ఆ 25 వేలు ఎక్కడ పెట్టాలంటే, ముందు వైరు ఉన్న, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. బ్లూటూత్‌వి వద్దు, కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తుంది, ఎంత సాధన చేసినా తాళం కుదరదు. ల్యాప్‌టాప్ స్పీకర్లలో డబుల్ బేస్ (తీగ వాద్యాల్లో అన్నిటికంటే పెద్దది) అడుగు స్వరం వినపడదు. అది 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఆ స్పీకర్లకి అంత లోతు లేదు. వినపడక బేస్ పెంచుతూ పోతావు, ఆ పాట చర్చి పెద్ద స్పీకర్లలో పెడితే గోడలు అదురుతాయి. రెండోది ర్యామ్ 16 జీబీకి పెంచడం, ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించడం. శాంపిళ్లు డిస్క్ నుంచి పరుగెత్తి రావాలి. పాత డిస్క్ అంత వేగంగా ఇవ్వలేక టపటపమని చిటపటలు వస్తాయి. మిగిలింది దాచుకో.

కీ నొక్కితే శబ్దం ఆలస్యంగా వస్తోందని కూడా రాశావు కదా. విండోస్‌లో శబ్దాన్ని ఆలస్యం లేకుండా పంపే ఆసియో డ్రైవర్ లేకపోవడం వల్ల అది. ఆసియో4ఆల్ ఉచితం, అది వేసుకుని బఫర్ (ఒక్కోసారి కూడబెట్టి పంపే శబ్దం ముక్క సైజు) 256 పెట్టు. 48 కిలోహెర్ట్జ్‌లో 256 అంటే అయిదు మిల్లీసెకన్ల పైచిలుకు, చేతికి తెలియదు. వాయించడం అయ్యాక, అన్ని ట్రాకులూ కలిపి వినేటప్పుడు 1024కి పెంచుకుంటే ల్యాప్‌టాప్‌కి ఊపిరాడుతుంది. అయిపోయిన ట్రాకులని ఆడియోగా మార్చి ఫ్రీజ్ చేస్తూ పో.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి రీపర్ చాలు. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తరవాత మామూలు వాడకానికి 60 డాలర్ల లైసెన్స్. ఎఫ్‌ఎల్ స్టూడియో వచ్చి ఉంటే అందులోనే చెయ్, సాఫ్ట్‌వేర్ మారిస్తే ఒరిగేదేమీ లేదు.

ఇక లైబ్రరీ. మొదలుపెట్టడానికి స్పిట్‌ఫైర్ కంపెనీ వాళ్ల బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ మంచిది. లండన్‌లో మైదా వేల్ స్టూడియోలో ఆ ఆర్కెస్ట్రానే కూర్చోబెట్టి రికార్డు చేసింది. స్ట్రింగ్స్, ఫ్లూట్, ఓబో, హార్న్, ట్రంపెట్, టింపనీ అన్నీ ఉంటాయి, సైజు కొన్ని వందల ఎంబీనే. దాని పెద్దన్న ప్రొఫెషనల్ అయిదారు వందల జీబీ ఉంటుంది. మన పల్లెల్లో ఉన్న నెట్‌తో అది దిగేసరికి పండగలు వెళ్లిపోతాయి, దిగినా నీ ల్యాప్‌టాప్ మొయ్యదు. డిస్కవర్‌తో ఆరు నెలలు పని చేశాక దాని హద్దులు నీకే తెలుస్తాయి. ఏది తక్కువైందో తెలిసి కొనేవాడి డబ్బు వృథా కాదు. ఏటా నవంబరు చివర్లో చాలా కంపెనీలు ధరలు బాగా తగ్గిస్తాయి, చదువుకునేవాళ్లకి విడిగా తగ్గింపు కూడా ఇస్తాయి. అప్పటిదాకా ఆగు.

నీ స్నేహితుడిచ్చిన ఉచిత లైబ్రరీ పావుగంటకి ఆగిపోతోందన్నావు. అది పాడవలేదు. లైబ్రరీలని తెరిచి మోగించే కొంటాక్ట్ ప్లేయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, డబ్బుపెట్టి కొనే పూర్తి కొంటాక్ట్ ఉంది. ప్లేయర్ కోసం లైసెన్స్ తీసుకున్న లైబ్రరీలే ప్లేయర్‌లో నిరంతరం పనిచేస్తాయి. మిగతావి 15 నిమిషాలు డెమోగా మోగి ఆగిపోతాయి. ఏ లైబ్రరీ దింపుకునే ముందైనా ఇది ప్లేయర్‌లో పనిచేస్తుందా, పూర్తి కొంటాక్ట్ కావాలా అని చూసుకో.

డ్రైవ్ నిండా క్రాక్ లైబ్రరీలు, అంటే దొంగ కాపీలు, ఇస్తానని ఎవరైనా అంటే తీసుకోకు. 2014లో నేను అలా తీసుకున్నాను. నాకు ఇచ్చిన షాపు పేరెందుకు గానీ, అందులో వచ్చిన వైరస్‌కి రెండేళ్ల ప్రాజెక్టులు పోయాయి. వాటిలో నాన్నగారు చివరిసారి వాయించిన హార్మోనియం రికార్డింగ్ ఒకటి ఉంది. దానికి ఇంకో కాపీ లేదు. నీ పనిని ఎప్పుడూ రెండు చోట్ల దాచుకో.

ఇప్పుడు రాయడం గురించి. ఇక్కడ నీ చర్చి అనుభవం నిజంగా అక్కరకొస్తుంది. నాలుగు గొంతుల్లో పాడే కీర్తనలు మీకు అలవాటే కదా. పై గొంతు ఫస్ట్ వయొలిన్లకి, రెండోది సెకండ్ వయొలిన్లకి, మూడోది వయోలాకి (వయొలిన్ కంటే కాస్త పెద్దది), కింది గొంతు చెల్లోకి ఇవ్వు. చెల్లో వాయించిందే ఒక ఆక్టేవ్ కింద డబుల్ బేస్‌కి ఇవ్వు. అయిదు ట్రాకులు, అయిదు సార్లు వాయించు, ప్రతిసారీ చక్రంతో సహా. ఒకసారి వాయించిన సీసీ1 గీతని మిగతా నాలుగింటికీ కాపీ కొట్టకు. అయిదుగురు మనుషులు ఒకేసారి ఒకేలా ఊపిరి తీసుకోరు.

ఒకే వయొలిన్ ప్యాచ్ మీద మూడు వేళ్లతో కార్డ్ వాయించడం వల్ల ఏం జరుగుతుందో ఆలోచించు. ఆ ప్యాచ్‌లో 16 మంది వయొలినిస్టులు ఉన్నారనుకుంటే, మూడు స్వరాలు కలిపి నొక్కితే 48 మంది అయిపోతారు. శబ్దం లావెక్కి, అరిగిపోయిన క్యాసెట్‌లా అవుతుంది. అడుగు స్వరాల్లో కార్డ్‌ని దగ్గరగా పెట్టినా అంతే, బురదగా వినిపిస్తుంది. కింద ఎడం ఎక్కువ, పైకి పోయేకొద్దీ దగ్గర.

వాద్యాల హద్దులు కూడా తెలియాలి. వయొలిన్ అడుగు స్వరం మధ్య సీ కింద ఉన్న జీ. వయోలా, చెల్లోల అడుగు స్వరం సీనే, కాకపోతే వయోలాది మధ్య సీకి ఒక ఆక్టేవ్ కింద, చెల్లోది రెండు ఆక్టేవ్‌ల కింద. మామూలు ఫ్లూట్ మధ్య సీ దగ్గరే ఆగిపోతుంది, ఒక్కోదానికి అర మెట్టు కిందకి ఉంటుంది. అంతకన్నా కింద ఏం నొక్కినా మంచి లైబ్రరీలు మోగవు. అది బగ్ కాదు, నిజంగా ఆ వాద్యంలో ఆ స్వరం లేదు.

ఊదే వాద్యాల గురించి ఒకటి చెబుతాను, ఇది ఏ ట్యుటోరియల్‌లోనూ దొరకదు. మన కోనసీమలో సింఫనీ ఆర్కెస్ట్రా లేదు గానీ పెళ్లి బ్యాండు ఉంది. అందులో ట్రంపెట్ ఉంది, క్లారినెట్ ఉంది. ఈ మాఘమాసం పెళ్లిళ్లలో ఏదైనా బ్యాండు వస్తే ఊరేగింపు ఆగినప్పుడు ట్రంపెట్ ఊదే ఆయన దగ్గరికి వెళ్లి, పై స్థాయి స్వరం ఎంతసేపు పట్టగలరండీ అని అడుగు. మర్యాదగా అడిగితే ఊది చూపిస్తారు. నేను రావులపాలెంలో ఒకాయన్ని అడిగాను. ఆయన ఊదుతుంటే మెడ నరాలు ఉబ్బడం, స్వరం మొదట్లో తుక్కుమని కొట్టి తరవాత విచ్చుకోవడం, వదిలాక పెదాలు తుడుచుకుంటూ కాసేపు ఆగడం, అన్నీ అడుగు దూరంలో చూశాను. ఆ రోజు నుంచి ట్రంపెట్‌కి ఎనిమిది బార్ల (తాళం ఆవర్తాల) పొడుగు స్వరం రాయలేదు. ఊదేవాడు ఊపిరి తీసుకునే చోటు వదిలి రాస్తే శాంపిల్ కూడా మనిషిలా వినిపిస్తుంది.

పొట్టి స్వరాలకి వేరే ప్యాచ్‌లు ఉంటాయి. కమాను ఎగిరేలా కొట్టేది స్పికాటో, వేలితో మీటేది పిజికాటో, వణికించేది ట్రెమొలో. పొట్టి స్వరాల్లో చాలా లైబ్రరీల్లో చక్రం కాదు, ఎంత గట్టిగా నొక్కావన్న వెలాసిటీ పనిచేస్తుంది. పెద్ద లైబ్రరీల్లో వీటిని కింది కీలతో మార్చుకుంటారు, వాటిని కీస్విచ్‌లు అంటారు. నీ 25 కీల మీద వాటికి చోటు లేదు, ఒక్కోదానికి ఒక ట్రాక్ పెట్టేసుకో. క్వాంటైజ్ (స్వరాలని తాళం గీతల మీదికి, అంటే గ్రిడ్ మీదికి, సాఫ్ట్‌వేరే జరపడం) నూటికి నూరు శాతం పెట్టకు, ఎక్కడైనా బాగా తప్పిన స్వరాన్ని మాత్రం చేత్తో సర్దు. పొడుగు స్వరాలు, ముఖ్యంగా స్వరం తెగకుండా ఇంకో స్వరంలోకి కలిపే లెగాటో ప్యాచ్‌లు, నొక్కాక కాస్త ఆలస్యంగా విచ్చుకుంటాయి. కొన్నిట్లో పావు సెకను దాకా పడుతుంది. అందుకే గ్రిడ్ మీద కచ్చితంగా కూర్చోబెట్టిన స్ట్రింగ్స్ వెనకబడినట్టు వినిపిస్తాయి. ఆ ట్రాక్ అంతే సేపు ముందుగా మొదలయ్యేలా జరిపితే సరి.

గమకాలు వాయించాలనుంటుంది నీకు, నాకూ ఉండేది. ఈ లైబ్రరీలు పాశ్చాత్య పద్ధతిలో వాయించినవి, కంపనం ముందే అందులో రికార్డయి ఉంటుంది. పిచ్ వీల్‌తో లాగితే ఆ కంపనం కూడా సాగి రబ్బరులా అవుతుంది. గమకం కావాలంటే మనిషిని పిలవడమే దారి. నేను ఒక పాటకి ముమ్మిడివరం దగ్గర సన్నాయి వాయించే పెద్దాయన్ని పిలిచాను. ముందు ఆర్కెస్ట్రా అంతా లైబ్రరీతో కట్టేశాను. ఆయన వచ్చి శ్రుతి పలికించేసరికి నా ట్రాక్ కంటే 30 సెంట్లు (సెంటంటే అర మెట్టులో నూరోవంతు) హెచ్చుగా ఉంది. ఆ వాద్యం శ్రుతి అది, దాన్ని మార్చమని అడగకూడదు. కొంటాక్ట్ మాస్టర్ ట్యూన్‌ని 440 హెర్ట్జ్ నుంచి 448 దగ్గరికి పెంచి ఆర్కెస్ట్రానే ఆయన శ్రుతికి తెచ్చాను. మైకు ఆరడుగుల దూరంలో పెట్టాను, సన్నాయికి దగ్గర పెడితే పగిలిపోతుంది. అది వానాకాలం. కప్పల గోల, దూరంగా రొయ్యల చెరువులో ఏరేటర్ల మోత. తలుపులకి దుప్పట్లు కట్టి, కరెంటు పోయి ఏరేటర్లు ఆగిన పది నిమిషాల్లో మంచి టేక్ దొరికింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే ఉంది. ఒకటి గమనించు, ఎర్త్ సరిగా లేని ఇళ్లలో ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే ఆ గుయ్‌మనే హమ్ పోతుంది. ఆ ఒక్క సన్నాయి కలిసేసరికి వెనకున్న శాంపిల్ స్ట్రింగ్స్ అన్నీ ప్రాణం ఉన్నట్టు వినిపించాయి. నీకు చర్చిలో పాడే గొంతులున్నాయి, తబలా ఉండే ఉంటుంది. ప్రతి పాటలో కనీసం ఒక్కటి నిజంగా రికార్డు చెయ్యి.

సముద్రం గాలి మీకు బాగా దగ్గర కాబట్టి వాయించడం అయ్యాక కీబోర్డుని గుడ్డ కప్పి వదిలెయ్యకుండా సిలికా జెల్ పొట్లాలతో సంచిలో పెట్టు. ఉప్పుగాలికి యూఎస్‌బీ సాకెట్లు త్వరగా చిలుం పడతాయి.

నెల రోజులు ఒక్క చెల్లోతోనే ఉండు. తరవాత ఆ కీర్తన చరణం నాకు పంపు, ఎంపీ3 చాలు. దాంతోపాటు సీసీ1 గీత కనిపించేలా స్క్రీన్‌షాట్ ఒకటి పెట్టు, రెండూ పక్కపక్కన పెట్టుకుని విని ఎక్కడ ఏం మార్చాలో రాస్తాను.